సముద్రం దాటి వచ్చిన కాలేజీ

కల్లూరులో అయ్యన్న టీ అంగడి ముందర బల్ల మీద నలుగురి మధ్య పుల్లన్న కూర్చున్నాడు. ఇంగ్లాండు యూనివర్సిటీ ఒకటి ఆ పక్కనే పెట్టిన కాలేజీకి అతడే జవాను. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోతుందని తెలిసి, దొరలు పోయిన వారమే కాలేజీ మూసేసి వెళ్లిపోయారు. పిల్లలను చేర్చుకునేటప్పుడు తీసుకున్న ఎస్సెల్సీ మార్కుల పుస్తకాలు లోపల బీరువాలోనే ఉన్నాయి. లేవి అనే తన కొడుకు పుస్తకం కోసం గిడ్డమ్మ వచ్చి నిలబడింది. రేపు పొద్దున కడపలో టీచరు ట్రైనింగుకు ఎంపిక. పుస్తకం చూపకపోతే పేరు కొట్టేస్తారు. కడప బస్సుకు ఇంక గంటే ఉంది.

"ఇస్తాలేమ్మా, యాడికి పోతాది? ముందు ఇది విను. ఆడ గంట కొట్టేది నేనే. నా గంట విని దొర గడియారం తిప్పుకుంటాండె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండాకాలమొచ్చె. మన ఎండ సంగతి దొరలకేం తెలుసు? కలం ముంచి కాగితం మీద పెట్టేలోపల సిరా ఆవిరైపోతాది. సగం మాట అక్షరం, సగం మాట పొగ. నేను తుంగభద్రకు పోయి రెండు కావళ్ల నీళ్లు తెచ్చి తరగతిలో కుమ్మరిస్తే, ఆ తేమకు పాఠం నడిచె."

"వేసంగిలో ఏట్లో నీళ్లు యాడుండాయప్పా?" అన్నాడు అయ్యన్న టీ వడగడుతూ.

"ఇసుక పిండితి."

"పుల్లన్నా, బస్సు" అంది గిడ్డమ్మ.

"నేను చెప్తే డ్రైవరు నిలబడతాడు లేమ్మా. అసలుది విను. రాజధాని పోతే పోనీ, చదువు పోతే ఎట్లని నేను మద్రాసు దాకా దొరల వెంటబడితి. ఓడ మూడు మైళ్లు పోయుండాది. మోకు పట్టి లాగితి. ఓడ వెనక్కొచ్చె, దాంతోపాటు సముద్రం కూడా రవ్వంత వచ్చె. పెద్ద దొర దండం పెట్టి, ఇంగ్లాండులో కాలేజీ కూడా నువ్వే చూసుకో పుల్లన్నా అనె. నేనే పోలే."

బల్ల మీద వాళ్లు నవ్వారు. గిడ్డమ్మ నవ్వలేదు.

"ఓడను లాగినోనివి, బీరువాలో నుంచి ఒక పుస్తకం తీయలేవా? మూడు దినాలుగా తిప్పుకుంటాండావు."

"ఏది ఎవురిదో చూడల్ల గదమ్మా."

"చూస్తే నీకు తెలుస్తాదా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఎవురిది వాళ్లకియ్యమని దొరలు నీకు అప్పజెప్పి పోయినారు. పేరు చదవను రాదని చెప్పలేక ఓడలు లాగుతాండావు. నాకూ రాదప్పా. నువ్వు సిగ్గుపడితే నా కొడుకు బేతంచెర్లలో బండలు కొట్టల్ల. తాళం తియ్యి. వాని పేరు వాడే చదువుకుంటాడు."

పుల్లన్న గ్లాసు కింద పెట్టి, మొలకున్న తాళంచెవి తీశాడు.

"నలభై ఉండాయి గిడ్డమ్మా. అన్నిటికీ ఒకటే రంగు అట్ట" అన్నాడు. పక్కనే ఉన్న అయ్యన్నకు కూడా ఆ మాట సరిగా వినపడలేదు.

అప్పటికే ఆమె లేవిని పిలుస్తూ కాలేజీ వైపు రోడ్డు దాటుతోంది.