పన్నెండూళ్ళకి ఒకటే దొడ్డి

ఒడిశాలో గుణుపురం దగ్గర పన్నెండూళ్ళని కలిపి ఒకే పంచాయతీ చేసిన ఏడాది అది. తొలకరి పడ్డ మర్నాడు, పర్లాకిమిడిలో పెళ్ళికి వెళ్ళి పది రోజులకి తిరిగొచ్చిన రైతుకి, పక్క చేను రైతు గట్టుమీద కనిపించాడు.

“ఏటి బావా, ఇంత వానడితే అరక కట్టకుండా కూకున్నావు?”

“ఒంటెద్దుతో ఏటి కట్టను?”

“రెండోది, ఆ మైలెద్దేదీ?”

“పది రోజులై కనబడనేదు. కొండలన్నీ ఎతికేను. పులెత్తుకుపోయిందనుకున్నాను.”

“పులేటి నీ మొహం! మా వంగమడిలో పడితే నేనే బందిలదొడ్డిలో ఎట్టేను. మొన్న నువ్వు నా గేదెని ఎట్టనేదా? దొడ్డి కాసే ఎర్రయ్య సీకటడకుండా నీకు కబురెడతాడు కదాని బండెక్కేసేను.”

“ఎర్రయ్య దొడ్డి ఆ రోజే మూసేసేరు. ఇప్పుడు పన్నెండూళ్ళకీ ఒకటే దొడ్డంట, ఆపీసున్న ఊళ్ళో. కొత్త జవాను అక్కడికి తోలుకుపోయేడు.”

“ఆ జవానైనా నీకు కబురెట్టనేదేటి?”

“ఆడికి మనూరే తెల్దు, నా ఎద్దు తెలుస్తాదా? ఆపీసు గోడకి మనకి సదవడం రాని ఒడియాలో కాయితం అంటించేరంట. వారమైనా ఎవులూ రానేదని యేలం ఏసేసేరు. నిన్న తెలిసి పరిగెట్టేను. మొన్నే అయిపోయింది.”

“ఎవుడు కొన్నాడు?”

“కటికోడు.”

“అయ్యో బావా... ఎల్లేముందు మీ ఇంట్లో ఒక్క మాట సెప్పినా సరిపోయేది.”

“మనిద్దరం ఎప్పుడు సెప్పుకున్నాం? సెప్పే పని ఎర్రయ్యదే కదా.”

“నన్ను తిట్టు బావా. నోరారా తిట్టు.”

“ఎల్లి నీ సేను దున్నుకో. పదును ఆరిపోతాది. నాది ఈ ఏడు బీడే.”