నోట్‌బుక్కులో అమ్మ

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు సెల్లార్. మధ్యాహ్నం హౌస్‌కీపింగ్ చేసే ఇద్దరు ఆడవాళ్లు అన్నం డబ్బాలు విప్పుకున్నారు.

“ఏందక్కా, కెలుకుతనే ఉన్నవ్, తింటలేవు?”

“మా బిడ్డ భవాని బళ్లెకు ఒక మేడమ్ వచ్చింది. ఎదిగే పిల్లలకు ఒంటి సంగతులు చెప్తది. ముట్టు గురించి, ఎవడన్న చెయ్యేస్తే ఏం చెయ్యాలె, అన్నీ.”

“మంచిదే కద.”

“ఏం మంచిది? పొద్దుమాపు మేడమ్ గిట్లన్నది, మేడమ్ గట్లన్నది. మొదటిసారి ముట్టయితే నాకు చెప్పలే, ఉరికి ఆమెకు చెప్పింది. కన్నది నేనా, ఆమెనా?”

“నిన్ను అడిగితే చెప్తుంటివా?”

“ఒకసారి అడిగింది. నోర్ముయ్ అన్న.”

“మరి ఇగ ఆ మేడమ్ మీద కుళ్లుకుంటె ఏం ఫాయిదా?”

“ఇప్పుడు కుళ్లు మేడమ్ మీద కాదే. వాళ్ల వాళ్ల అమ్మలకు మొదటిసారి ముట్టయినప్పుడు ఏమనిపించిందో అడిగి రాసుకరమ్మని పిల్లలకు హోంవర్కు ఇచ్చిందట. నిన్న దాని నోట్‌బుక్ చూసిన.”

“ఏం రాసింది?”

“‘మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు తను కూడా భయపడి ఏడ్చిందట. నీకు ఏ అనుమానమొచ్చినా నన్నే అడుగు బిడ్డా అంది.’ కింద మేడమ్ ఎర్ర పెన్నుతోటి ‘మీ అమ్మ చాలా మంచిది’ అని పెట్టింది.”

“ఇంకేంది! మంచిగ చెప్పినవ్ గదక్కా.”

“నేనెక్కడ చెప్పిన? ఈ హోంవర్కు సంగతి అది నన్ను అడగనే లేదు. ఆ నోట్‌బుక్కుల అమ్మను చూస్తే కడుపు మండుతున్నదే.”