విమానం రెక్క విషయంలో వెంకటప్ప రెండోసారి చెప్పినది

నా పేరు వెంకటప్ప. తండ్రి కీర్తిశేషులు బయ్యప్ప. వయసు యాభై ఆరు. సేద్యం చేస్తాను, పాడి ఉంది. ఊరు చిక్కబళ్ళాపురం తాలూకా మండికల్. ఈ రోజు 1979 జూన్ 12, మంగళవారం. నన్నెవరూ పిలవలేదు, పొద్దున బస్సుకు నేనే స్టేషనుకు వచ్చాను. పక్క పొలం రామాంజినప్ప మీద నిన్న నేనిచ్చిన ఫిర్యాదు గురించి మళ్ళీ చెప్పుకోవాలి. సాయంత్రం ఆయనను కోర్టుకు తీసుకుపోతారని తెలిసింది. అంతకుముందే ఇది రాసుకోండి స్వామీ.

చింతామణి బట్టల వ్యాపారి కొడుకు పట్టాభిరామ బెంగళూరులో విమానం నడపడం నేర్చుకుని, రెండు సీట్ల పాత విమానం ఒకటి కొన్నాడు. దాన్ని పెట్టుకోవడానికి షెడ్డు కావాలని పోయిన ఏడాది మా బీడు చూడటానికి వచ్చాడు. ఆ కొన నుంచి ఈ కొనకు అడుగులు వేసి కొలుచుకుని, బాడుగకు తీసుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం. చుక్క నీళ్ళు లేని నేలను అంత ముద్దుగా చూసేవాడు మంచివాడా? షెడ్డు ముందుభాగం మొత్తం తలుపే కావాలన్నాడు, మధ్యలో స్తంభం ఉండకూడదన్నాడు. లారీ తిప్పడానికా, గంధపు చెక్క దాచడానికా అని మేస్త్రీని అడిగాను. "రెక్కలుంటాయి కదప్పా, స్తంభముంటే తగలవా?" అన్నాడు. ఆ మేస్త్రీని కూడా నేను నమ్మలేదు. ఇనుప దూలాలు లేచినన్నాళ్ళూ రోజూ పోయి గట్టు మీద కూర్చున్నాను.

పైకప్పు రేకులు తెచ్చిన లారీ రామాంజినప్ప గట్టురాయిని పడేసింది. ఆయన పరుగెత్తి వచ్చి, "మళ్ళా నా గట్టు తొక్కితే ఆ విమానం రెక్కలు ఇరిచేస్తా, ఏమనుకున్నారో!" అని అరిచాడు. ఊరంతా విన్నారు. నేను ఆ మాటను మనసులో దాచుకున్నాను.

షెడ్డు పూర్తయ్యాక నా భార్య చిక్కమ్మ పట్టాభిరామను అడిగింది. "కొత్త కొట్టంలోకి ముందు ఆవును తోలి, పాలు పొంగియ్యల్ల నాయనా. ఊరికే ఎట్లా పెడతారు వస్తువును?" అంది. "ఇది ఇల్లు కాదు కదమ్మా, విమానం పెట్టే షెడ్డు. దీనికి పెట్రోలు పోస్తే చాలు" అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పోయిన బుధవారం విమానం మా బీడులో దిగింది. దాని రెక్కల మీద రేకు లేదు, గుడ్డ ఉంది. గుడ్డ మీద వెండి రంగు మందు పూశారు. దగ్గరికి పోతే మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. పట్టాభిరామ షెడ్డు పక్కతలుపు తాళంచెవి నా చేతికిచ్చి, విమానాన్ని చూసుకోమని చెప్పి చింతామణికి పోయాడు.

ఆదివారం సాయంత్రం నేను తలుపు తీసి చూస్తే ఎడమ రెక్క గుడ్డ చిరిగి వేలాడుతోంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి అన్నాళ్ళూ మా ఇంటి గూట్లోనే ఉంది. అంటే దొంగను నేనే అవుతాను కదా! ఆ భయంతోనే రామాంజినప్ప పేరు నా నోటికి వచ్చింది. వెనక రేకు ఎత్తి దూరాడని, కత్తితో కోశాడని నిన్న రాయించాను. కత్తిగాటు నేను చూడలేదు. గుడ్డ అంచులు నలిగి, జిగటగా ఉన్నాయి. మట్టినేల ఒకచోట అలికినట్టు ఉంటే, కాలిజాడలు చెరిపేశాడని చెప్పాను. పొద్దున ఆయన షెడ్డు వెనకగా పోతుంటే చూశానని చెప్పాను. చూసిన మాట నిజమే. కానీ ఆయన బావికి అదే దారి, రోజూ పోతాడు. ఆ సంగతి మీకు చెప్పలేదు.

ఆదివారం నుంచే మా ఆవు మేత ముట్టలేదు. పాలు సగానికి పడిపోయాయి. దానికి కూడా రామాంజినప్పే ఏదో పెట్టాడని ఇంట్లో చిందులు తొక్కాను.

ఈ రోజు తెల్లవారి పేడ ఎత్తడానికి పోయిన చిక్కమ్మ కేక వేసింది. పోయి చూస్తే పేడలో వెండి రంగు గుడ్డపీలికలు. "ఏమే ఇది?" అన్నాను. ఆమె పేడతట్ట కింద పెట్టింది.

"ఆదివారం మంచి రోజని నేనే గూట్లో తాళంచెవి తీసుకోని, ఆవును షెడ్డులోకి తోలుకుపోతిని. పేడ ఏసేదాకా ఉంటే శుభమని విమానం కాడ కట్టేసి, డెయిరీకి పాలు పోసొద్దామని పోతిని. వచ్చి చూస్తే రెక్క నాకతా, నములతా ఉండాది. కొంచెమే చినిగిందిలే అనుకోని, పేడ ఎత్తి అలికి వచ్చేస్తిని. నీకు చెప్దామంటే నువ్వు రామాంజినప్ప మీద ఎగురుతాండావు. నీ నోటికి ఎవరు అడ్డమొస్తారు?" అంది.

నోరు పారేసుకున్నది నేను, లాకప్పులో కూర్చున్నది ఆయన.

అంతలో రామాంజినప్ప భార్య పుట్టమ్మ మా వాకిట్లోకి వచ్చింది. మొగుణ్ణి పట్టించినవాడి వాకిట్లోకి! చేతిలో చెంబు ఉంది. "ఆవు మేత తినలేదంట కదా. ఆముదం గోరువెచ్చగా చేసి తెచ్చినా, తాపండి" అంది. నేను ఆ చెంబు తీసుకుని వాసన చూశాను స్వామీ, ఏం కలిపిందో అని. ఆమె చూస్తూనే ఉంది.

"ముందు నేను తాగల్లా అప్పా?" అని అడిగింది.

ఆముదం ఆవుకు తాపి, ఆ పీలికలు కడిగి కాగితంలో చుట్టుకుని బస్సెక్కాను. ఇవిగో, చూడండి. పట్టాభిరామకు నేనే పోయి చెప్పుకుంటాను. రామాంజినప్పను వదిలేయండి. మధ్యాహ్నం బస్సుకు ఆయనతో కలిసి పోతాను. వదలకపోతే ఈ బెంచీ మీదే కూర్చుంటాను. మా ఇంటికి పోవాలంటే పుట్టమ్మ వాకిలి దాటాలి, ఒక్కడినే దాటలేను.

నేను తెలుగులో చెప్పినదాన్ని రైటరు రాసి, చదివి వినిపించాడు. నిన్న నేను అనుకున్నవి కూడా చూసినట్టు రాయించాను. ఈ రోజు చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాను. ఇది నిజమని ఒప్పుకుని ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

వెంకటప్ప, మండికల్
(వేలిముద్ర)