పాము తాగిన పాలు

1979లో ఫ్రెంచి దొర ఊరికి పోతూ కార్న్ స్నేక్ అనే తన విషంలేని పెంపుడు పామును వంటమనిషి పట్టాభికి అప్పగించాడు. మూడోవారం, ముదలియార్‌పేట ఇంట్లో పట్టాభి భార్య కోమల అత్తను నిలదీసింది.

“పాము రోజూ గిన్నెడు పాలు తాగతాదంటిరే, అత్తా?”

“తాగతాదిమ్మా. నాగదేవత గదా.”

“దొర జాబు వచ్చింది. అది నీళ్ళే తాగతాదంట, పాలు ముట్టదంట.”

“దొరకేం తెలుసు?”

“నిజమే. చక్కెర కలుపుకొని తాగతాదని ఆయనకేం తెలుసు? మన డబ్బా సగమైపోయిందే.”

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది. “నేను కాఫీలోకి పాలడిగితే డాక్టరు వద్దన్నాడంటివి. పాముకు అనగానే మారుమాట లేకుండా పోస్తివి.”

డాక్టరు ఆ మాట అననేలేదని కోమలకు తెలుసు. తలవంచుకొని పొయ్యి మీద పాలు పెట్టింది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ చిక్కటి కాఫీ తాగారు. పాము నీళ్ళు తాగింది.