ఉతికిన చీరలు

జూబ్లీహిల్స్‌లో పార్కు గోడ పక్కనున్న ఇంటి పెరట్లో, ఉదయం పూట ఒక పెద్దావిడ, తోటమాలి మాట్లాడుకుంటున్నారు.

"మా అక్క పోయేముందు నాటిన బెండ మొక్కలయ్యా. నువ్వు చెప్పినట్టే చుట్టూ పాత చీరలు కట్టాను. అయినా పార్కులోని జింక గోడ దూకి వచ్చి సగం కొరికేసింది."

"గివి సబ్బు వాసనొస్తున్నయి గదమ్మా! ఉతికి కట్టిండ్రా?"

"మాసిన చీరలు నలుగురి కళ్ళబడేలా ఎలా కడతాను?"

"జింకేమన్న పేరంటానికొస్తదా? మనిషి వాసనకే అది బెదిరేది. విడిచిన చీర ఒక్కటియ్యుండ్రి."

"ఉతకనిది ఒక్కటే ఉంది. ఆసుపత్రికి వెళ్తూ అక్క విడిచింది. అది ఇవ్వను."

"అది వద్దమ్మా. మీరు కట్టుకున్నదే మార్చుకొని ఇయ్యుండ్రి."

"నాది పనికిరాదు. అక్క పోయాక రోజూ పొద్దున్నే నేను మాట్లాడేది ఆ జింకతోనే. నా వాసనకి అదేం బెదురుతుంది?"

"గట్లనా! అయితే నా తువ్వాల కట్టిపోతా. ఇగ ఈ దిక్కు రాదు."

"అసలే రాదా?"

"రానే రాదు. మీ అక్క మొక్కలు బతుకుతయి. ఫికర్ చెయ్యకుండ్రి."

"అక్క మొక్కలు బతకాలి, నిజమే."

"ముడేస్తున్నా అమ్మా."

"ఉండు నాయనా, విప్పెయ్. రేపు వచ్చేటప్పుడు ఇంకొన్ని బెండ గింజలు పట్టుకురా. రెండు వరుసలు ఎక్కువ వేద్దాం."