సంజీవప్ప పాత రివాల్వర్

ధర్మవరం నుంచి, పెనుకొండ నుంచి పనులు వదులుకొని హిందూపురం దాకా వచ్చిన పెద్దలారా, అక్కలారా, మన తుపాకీ షూటింగ్ సంఘం మిత్రులారా! సంజీవప్ప పోయాడు. మన సంఘానికి గురి నేర్పిన చెయ్యి పోయింది. గుండె బరువుగానే ఉంది. అయినా నేను ఏడుపు మాటలు చెప్పను. గెలిచిన మనిషిని గెలిచినట్టే సాగనంపుదాం!

పటాలం నుంచి వచ్చాక ఆయన ధర్మవరంలో మళ్లీ మగ్గమెక్కాడు. లైసెన్సు తీసుకొని ఒక పాత రివాల్వర్ కొనుక్కున్నాడు. దాని గొట్టాన్ని దేనితో తుడిచేవాడో తెలుసా? మగ్గం కింద రాలిన పట్టుపోగులతో! ఆయన భార్య ఉలిగమ్మక్క ఊరుకుంటుందా? "నాకు కట్టనీకి లేని పట్టు ఆ ఇనుముకా?" అని దెప్పేది. ఆయన నవ్వేసేవాడు. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో మన సంఘానికి కొత్త ఆటోమేటిక్ పిస్తోళ్లు వచ్చాయి. అందరూ వాటి వెంట పడ్డారు. "ఏమప్పా, నీ ముసలిదానికి పెన్షన్ ఇయ్యరాదా?" అని మన తిమ్మరాజు ఎగతాళి చేశాడు. సంజీవప్ప ఏమన్నాడు? "కొత్తది బిరబిరా కాలుస్తాది. పాతది నా మాట వింటాది" అన్నాడు.

ఆ ఏడు విజయదశమికి పెనుకొండ కొండ కింద పోటీ. కాల్పుల మైదానం గెలిచిన సంఘానికే అని ముందే తేల్చేశారు. ఓడితే మనకు నిలువ నీడ లేదు. ముందురోజు ఆయుధపూజ. మనవాళ్ల భక్తి ఏమని చెప్పను! పిస్తోళ్లకు పసుపు, కుంకుమ, పైన గుప్పెళ్లతో అక్షింతలు! తెల్లవారి ఏమైంది? ఒక్కొక్కటీ ఒక గుండు పేల్చి బిగుసుకుపోయింది. లోపల పసుపు ముద్ద కట్టింది, బియ్యపు గింజలు ఇరుక్కున్నాయి. అవతలి జట్టు కడుపు పట్టుకొని నవ్వింది.

సంజీవప్ప పూజ చేయలేదా? చేశాడు. బొట్టు రివాల్వర్ పిడికి మాత్రమే పెట్టాడు. "దేవునికైనా బొట్టు నొసటన పెడతాం గానీ నోట్లో పెడతామా అబ్బా?" అన్నాడు.

తన వంతు గుండ్లన్నీ బోర్డు నడిమధ్యన దించాడు. ఆ తర్వాత ఏం చేశాడు? ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ రివాల్వర్‌ను తిమ్మరాజు చేతిలో పెట్టాడు! ఎగతాళి చేసినవాడి చేతిలో! "వణకొద్దు. గుండు పోయినంక కూడా చెయ్యి దించొద్దు. అది బోర్డుకు చేరేదాకా నిలబడల్ల" అన్నాడు. తిమ్మరాజు నిలబడ్డాడు. అతని తర్వాత జట్టంతా ఆ ఒక్క రివాల్వర్‌తోనే కాల్చింది. గెలిచాం! ఆ మైదానం ఈ రోజుకూ మనదే!

ఆ దసరాకు మగ్గం మీది చీర అంగడికి పోలేదు. ఇదిగో, మన ముందు కూర్చున్న ఉలిగమ్మక్క ఒంటి మీద ఉన్నది ఆ చీరే.

ఈ పొద్దున చట్టప్రకారం రివాల్వర్‌ను పోలీసు స్టేషన్‌లో అప్పగించాం. అప్పగించే ముందు పట్టుపోగులతో దాన్ని తుడిచింది ఎవరు? తిమ్మరాజే!

మిత్రులారా, గుండు వెళ్లిపోయింది. మనం అప్పుడే చెయ్యి దించవద్దు. అందరూ లేచి నిలబడండి. ఆయన నేర్పినట్టే, కదలకుండా, మాట లేకుండా, అది చేరవలసిన చోటికి చేరేదాకా నిలబడదాం.