పడవను లాక్కొచ్చిన వ్యాను

హిల్స్‌బరో రేవులో పొద్దుటి ఫెర్రీ దిగినవాళ్లు పిండి మూటలు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లని ఊళ్లకి చేర్చే తెల్ల వ్యాన్లు వరుసగా ఉన్నాయి. కారియకూ దీవిలో ఆల్బన్ వ్యాను ఎక్కనివాళ్లు లేరు, కానీ ఇప్పుడు ఆయన చూపు మందగించిందని అందరికీ తెలుసు. ఈ ఫెర్రీ దిగినవాళ్లలో ఒక్కరైనా తమంతట తాము ఆయన బండి ఎక్కకపోతే తాళాలు కూతురికిచ్చి ఇంట్లో కూర్చోవాలని తోటి డ్రైవర్లు తేల్చేశారు. ఆయన సరేనన్నాడు. అన్నాక బానెట్ మీద చెయ్యేసి గొంతు పెంచాడు.

"చూపా? వినండి. ఈ బండి పెద్ద దీవి గ్రెనడా నుంచి ఎలా వచ్చిందనుకున్నారు? ఫెర్రీలో కాదు. మా విండ్‌వర్డ్ ఊరివాళ్లు కట్టిన తెరచాప పడవకి రెండు బల్లలు ఆనించి, నేనే ఎక్కించాను. అటు బెత్తెడు, ఇటు బెత్తెడు, చక్రం జారితే సముద్రమే. కళ్లు మూసుకుని ఎక్కించానని ఆ పడవ సరంగు ఇప్పటికీ చెబుతాడు."

సరంగు పోయి చాలా ఏళ్లయిందని ఎవరో గొణిగారు.

"పోయినా చెబుతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిసముద్రంలో గాలి ఆగిపోయింది. తెరచాప తడిబట్టలా వేలాడుతోంది, మేకలు అరుస్తున్నాయి, సరంగు ప్రార్థన మొదలెట్టాడు. నేనేం చేశాను, బండిని వెనక్కి జరిపి, వెనక చక్రాలు నీళ్లలోకి దించి, గేరేసి తొక్కాను చూడండి, పడవ ఎగిరే చేపలా దూకింది. ఫెర్రీని దాటేశాం. దాని కెప్టెన్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు."

పక్కనున్న డ్రైవరు నెవిల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

"తిరుగు నాయనా, తిరుగు. రేవొచ్చింది, బ్రేకు వెయ్యమన్నారు. అంత ఊపు మీదున్న బండికి బ్రేకేంటి? పడవతో సహా ఒడ్డెక్కేశాను. పైన తెరచాప ఉంది, కొండ మీద గాలి దొరికింది, ఇంక బెలెయిర్ మలుపుల్లో పెట్రోలుతో పనేముంది? గాడిదలు గోడలెక్కి దారిచ్చాయి. దీవి చుట్టూ తిరుగుతుంటే ముందెవడో తప్పుకోవడం లేదు. హారన్ కొట్టి కొట్టి చూద్దును కదా, అది నా బండి వెనక భాగమే. నన్ను నేనే దాటాను. దాటుతూ చెయ్యి కూడా ఊపాను."

మరి పడవ సంగతేంటని ఒకావిడ అడిగింది.

"విండ్‌వర్డ్‌లో దించాను. ఊళ్లోవాళ్లు అది కొత్త పడవే అనుకుని, ఆనవాయితీ ప్రకారం మేకను కోసి, రమ్ము చల్లి, పాటలు పాడుతూ మళ్లీ సముద్రంలోకి తోశారు. పాపం మేక, అంత ప్రయాణం చేసొచ్చింది." ఆల్బన్ బానెట్‌ని ప్రేమగా నిమిరాడు. "ఈ బండి మీద ప్రతి నొక్కూ నాకు తెలుసు. తడిమి చెప్పేస్తాను. కళ్లట, కళ్లు! ఎక్కండి."

ఎవరూ కదల్లేదు. ఆయనతో కలిసి పెరిగిన ఈనా, దీవిలో అందరూ టాంటీ, అంటే అత్త, అని పిలిచే ఆవిడ, మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఆల్బన్, తమ్ముడూ. నువ్విందాకట్నుంచీ నిమురుతున్నది నెవిల్ బండి. నీది ఆ చివరుంది."

ఒక్కరూ నవ్వలేదు. ఆల్బన్ బానెట్ మీంచి చెయ్యి తీశాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీసి ఈనా చేతిలో పెట్టాడు.

"మా అమ్మాయికి నువ్వే ఇవ్వు. నేను మాత్రం ఇవ్వను."

నెవిల్ తన వ్యాను ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రా పెద్దాయనా, ఇంటి దగ్గర దించుతాను."

"దించడానికి నేనేమైనా పిండి మూటనా?" ఆల్బన్ తలుపు అంచు తడుముకుని ఎక్కి, నిటారుగా కూర్చున్నాడు. "పోనియ్యి. దారి నేను చెబుతాను. నీకేం తెలుసని."

మూటలతో జనమంతా వెనక సర్దుకున్నారు. రేవు గేటు బయటికి దారి ఒకటే. నెవిల్ బండి స్టార్ట్ చేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని ఆగాడు.

"ఎటు పెద్దాయనా?" అని అడిగాడు.